డిశ్చార్జి బుక్కులోకి ఎక్కని పతకాలు: మాజీ సైనికుడి రికార్డు సరిచేయించుకోవడం ఎలా?

ప్రశ్న: మా నాన్నగారు 1968లో సైన్యంలోని ఆర్టిలరీ (ఫిరంగి దళం)లో చేరి, 1984లో హవల్దారుగా పింఛనుతో డిశ్చార్జి అయ్యారు. 1971 యుద్ధంలో ఆయన యూనిట్ పంజాబ్ సరిహద్దులో ఉంది. డిశ్చార్జి బుక్కులో పతకాల దగ్గర సంగ్రామ్ మెడల్, తొమ్మిదేళ్ల సర్వీసు మెడల్ మాత్రమే సిరాతో రాసి ఉన్నాయి. వాటి కింద ఎవరో పెన్సిల్‌తో పశ్చిమీ స్టార్ అని రాశారు గాని సంతకం, ముద్ర లేవు. 1972 నాటి స్వాతంత్ర్య రజతోత్సవ పతకం మా ఇంట్లోనే ఉంది. దాని అంచు మీద నాన్నగారి నంబరు, పేరు చెక్కి ఉన్నాయి. బుక్కులో మాత్రం దాని ఊసే లేదు. ఇవి కాక, సేనా మెడల్‌కు తన పేరు సిఫారసు చేశారని నాన్నగారు చెబుతుంటారు. 2016లో ఒక కార్యాలయానికి ఉత్తరం రాశాం, జవాబు రాలేదు. ఆయనకిప్పుడు 76 ఏళ్లు. పెన్సిల్ రాత మీద సిరా దిద్దించి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో చూపించమని కొందరంటున్నారు. సివిల్ కోర్టులో దావా వేయాలా, హైకోర్టుకు వెళ్లాలా? రికార్డు మారితే పింఛను పెరుగుతుందా?
– ఒక పాఠకుడు, యాప్రాల్, సికింద్రాబాద్

జవాబు: ముందుగా ఒక హెచ్చరిక. ఆ పెన్సిల్ రాత జోలికి ఎవరూ వెళ్లకూడదు. దాని మీద సిరా దిద్దవద్దు, రబ్బరుతో చెరపవద్దు. అది ఉన్నది ఉన్నట్టుగా ఉంటే, పుస్తకం నింపిన రోజుల్లో ఎవరో ఆ పతకం సంగతి గుర్తుంచుకున్నారనడానికి ఒక చిన్న ఆనవాలుగానైనా పనికొస్తుంది. దిద్దితే మాత్రం పుస్తకం మొత్తమే అనుమానం పాలవుతుంది. అప్పుడు సిరాతో సక్రమంగా రాసి ఉన్న సంగ్రామ్ మెడల్‌కు కూడా మీరు సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది. ఆ సలహా ఇచ్చినవారు మంచి మనసుతోనే ఇచ్చి ఉండవచ్చు, కానీ చట్టం దృష్టిలో అది ప్రభుత్వ పత్రాన్ని మార్చడమే అవుతుంది.

ఇక అసలు విషయం. మీరు ఒకే సమస్యగా రాసినవి నిజానికి మూడు. పతకం చేతికిచ్చి రికార్డులో రాయకపోవడం ఒకటి. అర్హత ఉన్నా పతకం మంజూరు కాకపోవడం, లేదా మంజూరైనా ఆ సంగతి తెలియకపోవడం రెండోది. సిఫారసు జరిగినా పతకం రాకపోవడం మూడోది. మొదటిది కేవలం లేఖన దోషం, దాన్ని సరిదిద్దడం కార్యాలయం విధి. రెండోదానికి సాక్ష్యం కావాలి. మూడోది మీకు హక్కుగా దక్కేది కాదు. ఈ మూడింటినీ ఒకే అర్జీలో కలిపి రాస్తే, మూడోదాని బలహీనత మొదటిదానికీ అంటుకుంటుంది. మీ 2016 నాటి ఉత్తరం నకలు చూడలేదు గాని, ఇలాంటి ఉత్తరాలు తరచూ ఈ కలగాపులగం వల్లే మూలన పడతాయని నా అనుభవం.

రజతోత్సవ పతకంతో మొదలుపెడదాం. 1972 ఆగస్టు 15న సర్వీసులో ఉన్న సైనికులందరికీ ఇచ్చిన పతకమది. మీ నాన్నగారు 1968లో చేరి 1984 దాకా ఉన్నారు కాబట్టి, ఆయన చేరిన తేదీ, డిశ్చార్జి అయిన తేదీ అర్హతకు చాలు. పైగా పతకం ఇంట్లోనే ఉంది. దాని అంచును భూతద్దంతో చూసి, చెక్కిన నంబరులోని ప్రతి అంకెనూ డిశ్చార్జి బుక్కులోని ఆర్మీ నంబరుతో సరిపోల్చుకోండి. అంచు చుట్టూ తిప్పుతూ నాలుగైదు ఫొటోలు తీయించి, అర్జీకి జతచేయండి. ఒక అంకె తేడాగా ఉన్నా దాచకుండా అర్జీలోనే చెప్పండి. వాళ్లు కనిపెట్టిన తేడా కంటే మీరు చెప్పిన తేడా నయం. పతకాన్ని మెరుగు పెట్టించవద్దు, మెరుగు పెడితే చెక్కిన అక్షరాలు అరిగిపోతాయి.

పశ్చిమీ స్టార్ విషయం కొంత లోతైనది. 1971 డిసెంబరు 3న మొదలైన యుద్ధంలో తూర్పు రంగంలో పనిచేసినవారికి పూర్వీ స్టార్, పశ్చిమ రంగంలో పనిచేసినవారికి పశ్చిమీ స్టార్ ఏర్పరచారు. సంగ్రామ్ మెడల్ పరిధి వీటికంటే విశాలం. కాబట్టి సంగ్రామ్ మెడల్ వచ్చినంత మాత్రాన పశ్చిమీ స్టార్ కూడా రావలసిందేనని వాదించలేం. యుద్ధం జరుగుతున్న ఆ రోజుల్లో యూనిట్ నిర్ణీత ప్రాంతంలో ఉందనీ, మీ నాన్నగారు యూనిట్‌తోనే ఉన్నారనీ, సెలవులోనో, ఆసుపత్రిలోనో, శిక్షణ కోర్సులోనో లేరనీ, రెండూ తేలాలి. చాలామంది మొదటిదాన్ని నిరూపించి రెండోదాన్ని మరిచిపోతారు.

ఇక్కడ రికార్డు ఎలా తయారవుతుందో తెలుసుకోవడం అవసరం. జవాను సెలవు మీద వెళ్లినా, పెళ్లి చేసుకున్నా, పతకం పొందినా, ఆ సంగతిని యూనిట్ తన పార్ట్ 2 ఆర్డర్‌లో ప్రకటిస్తుంది. దాని ఆధారంగా రికార్డు ఆఫీసులోని షీట్ రోల్‌లో (జవాను సర్వీసు వివరాల పత్రంలో) నమోదవుతుంది. ఇంటికి పంపేటప్పుడు చేతికిచ్చే డిశ్చార్జి బుక్కు, ఆ రికార్డు చూసి గుమస్తా నింపినదే. అందుచేత తప్పు మూడు చోట్ల ఎక్కడైనా జరిగి ఉండవచ్చు: యూనిట్ ఆర్డర్ వెలువరించకపోవచ్చు, ఆర్డర్ వచ్చినా షీట్ రోల్‌లో ఎక్కకపోవచ్చు, షీట్ రోల్‌లో ఉన్నా బుక్కులో రాయకపోవచ్చు. మీ కోరిక బుక్కు సరిదిద్దమని మాత్రమే కాదు, షీట్ రోల్ సరిదిద్ది, తదనుగుణంగా బుక్కులో సంతకం, ముద్రతో నమోదు చేయమని ఉండాలి. బుక్కు ఒక్కటే మారితే రేపు ఏ పరిశీలన వచ్చినా మళ్లీ మొదటికే వస్తుంది.

సేనా మెడల్ సంగతి కాస్త కటువుగానే చెప్పాలి. శౌర్య పతకాలకు కమాండింగ్ ఆఫీసర్ సిఫారసు తొలి మెట్టు మాత్రమే. అది పై స్థాయిలలో వడపోతకు గురవుతుంది, మంజూరైన పేర్లు భారత ప్రభుత్వ గెజిట్‌లో వెలువడతాయి. గెజిట్‌లో పేరు ఉండి రికార్డులో లేకపోతే, అది కూడా మొదటి రకం లోపమే, తేలిగ్గా సరవుతుంది. గెజిట్‌లో లేకపోతే యాభై ఏళ్ల తర్వాత ఆ నిర్ణయాన్ని తిరగదోడమని ఏ న్యాయస్థానాన్ని అడిగినా ఫలితం ఉండదని నా అభిప్రాయం. 1972, 1973 సంవత్సరాల గెజిట్ సంచికలు ఒకసారి వెతికించండి. పేరు దొరకకపోతే ఈ అంశాన్ని అర్జీలోకి తేకండి. మీ నాన్నగారి మాట మీద అనుమానంతో ఇలా అనడం లేదు. సిఫారసు నిజమే అయి ఉండవచ్చు, కానీ సిఫారసు పతకం కాదు.

వెళ్లవలసిన చోటు గురించి. గోల్కొండలో ఆర్టిలరీ సెంటర్ ఉంది కదా అని చాలామంది అక్కడికే వెళతారు. అది శిక్షణ కేంద్రం. ఆర్టిలరీ జవాన్ల సర్వీసు పత్రాలు మహారాష్ట్రలోని నాసిక్ రోడ్ క్యాంపులో ఉన్న ఆర్టిలరీ రికార్డ్స్‌లో ఉంటాయి. ఇది చదివే ఇతరుల కోసం: ఈఎంఈ (సైనిక యంత్రాల మరమ్మతు విభాగం), ఆర్డినెన్స్ కోర్ (ఆయుధ సామగ్రి సరఫరా విభాగం) జవాన్ల రికార్డు ఆఫీసులు సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి, వైమానిక దళానిది ఢిల్లీలోని సుబ్రతో పార్కులో, నౌకాదళ సెయిలర్లది ముంబయిలో ఉంది.

అర్జీకి ముందు సమాచార హక్కు చట్టం, 2005 కింద దరఖాస్తు పెట్టండి. రుసుము 10 రూపాయలు, ఆన్‌లైన్‌లోనూ పెట్టవచ్చు. దరఖాస్తు మీ పేరుతో కాక మీ నాన్నగారి పేరుతో, ఆయన సంతకంతో ఉండాలి. కొడుకు అడిగితే వ్యక్తిగత సమాచారమని తిరస్కరించే అవకాశం ఉంది. తన షీట్ రోల్‌లో పతకాలకు సంబంధించిన పుట ధ్రువీకృత నకలు, 1972 నుంచి 1975 వరకు తన పేరున పతకాల గురించి వెలువడిన పార్ట్ 2 ఆర్డర్ల నకళ్లు, 1971 డిసెంబరు నెలలో తన సెలవు, ఆసుపత్రి, బదిలీ నమోదులు, ఇవి అడగాలి. ఎందుకు ఇవ్వలేదు, ఎప్పుడిస్తారు అనే ప్రశ్నలు వేయవద్దు. ఆ చట్టం ఉన్న కాగితాన్ని ఇప్పిస్తుందే తప్ప తప్పు దిద్దదు, వాదనకు బదులివ్వదు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిపోకపోయినా, మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయవచ్చు.

రికార్డులు నాశనం చేశామని జవాబు వస్తే కంగారు పడకండి. 25 ఏళ్ల తర్వాత సర్వీసు పత్రాలు తీసివేసే నియమం ప్రధానంగా పింఛను లేనివారికి వర్తిస్తుంది. మీ నాన్నగారు పింఛనుదారు. అయినా అదే జవాబిస్తే, ఏ ఉత్తర్వు కింద, ఏ తేదీన నాశనం చేశారో ఆ నమోదు నకలు అడగండి, లాంగ్ రోల్‌లోని (జవాన్ల ముఖ్య వివరాలుండే రిజిస్టరులోని) వివరాలు కూడా అడగండి. యూనిట్ ఎక్కడుందో నిరూపించడానికి, యుద్ధకాలంలో యూనిట్ రోజువారీ రాసిన యుద్ధ డైరీలు మరో దారి. సాధారణంగా 25 ఏళ్లకు వాటిని బహిర్గతం చేయాలన్న విధానాన్ని రక్షణ శాఖ 2021 జూన్‌లో ప్రకటించింది. అదే బ్యాటరీలో (ఆర్టిలరీ యూనిట్‌లోని ఉపవిభాగంలో) పనిచేసి, పశ్చిమీ స్టార్ నమోదైన తోటి జవాను డిశ్చార్జి బుక్కు నకలు, ఆయన అఫిడవిట్ దొరికితే వాటి విలువ చాలా ఎక్కువ. ఆ పెద్దల వయసు దృష్ట్యా ఈ పని అన్నిటికంటే ముందు చేయండి.

కాగితాలు చేరాక ఆఫీసర్ ఇన్‌చార్జ్ రికార్డ్స్‌కు మీ నాన్నగారి సంతకంతో అర్జీ పంపండి. ఆర్మీ నంబరు, హోదా, పేరు, యూనిట్, చేరిన తేదీ, డిశ్చార్జి తేదీ, పింఛను ఉత్తర్వు నంబరు పైనే ఉండాలి. రజతోత్సవ పతకానికి ఒక పేరా, పశ్చిమీ స్టార్‌కు ఒక పేరా, ప్రతిదాని కిందా దాని ఆధారాల జాబితా, చివర ఏం కోరుతున్నారో రెండు వాక్యాలు. ఇంతకు మించి అక్కర్లేదు. యుద్ధ జ్ఞాపకాలు ఎంత గొప్పవైనా ఇందులో వద్దు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు, చేరినట్టు ట్రాకింగ్ కాగితం భద్రపరచండి. ఒక ప్రతిని జిల్లా సైనిక సంక్షేమాధికారి ద్వారా కూడా పంపితే మంచిది.

ఆ తర్వాతే న్యాయస్థానం. సర్వీసు విషయాలు సాయుధ దళాల ట్రిబ్యునల్ చట్టం, 2007 పరిధిలోకి వస్తాయి, ఆ చట్టంలోని 33వ సెక్షన్ ఈ విషయాల్లో సివిల్ కోర్టు అధికారాన్ని మినహాయించింది. కాబట్టి సిటీ సివిల్ కోర్టులో డిక్లరేషన్ దావా (హక్కు ఉందని ప్రకటించమని కోరే దావా) వేయడం డబ్బు, కాలం రెండూ దండగ. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ ట్రిబ్యునల్ చెన్నై బెంచి పరిధిలో ఉన్నాయి. హైకోర్టు తలుపులు పూర్తిగా మూసుకుపోలేదు. ట్రిబ్యునల్ తీర్పుల మీద రాజ్యాంగంలోని 226వ అధికరణం కింద హైకోర్టు సమీక్షించవచ్చని 2023లో పరశోత్తం దాస్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కానీ అది ట్రిబ్యునల్ తర్వాతి మెట్టు.

మీ కేసులో అసలు చిక్కు కాలపరిమితి. ట్రిబ్యునల్ చట్టంలోని 22వ సెక్షన్ ప్రకారం తుది ఉత్తర్వు వచ్చిన ఆరు నెలల్లోగా, లేదా అర్జీ పెట్టి ఆరు నెలలైనా జవాబు రాకపోతే ఆపై ఆరు నెలల్లోగా ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. 2016 ఉత్తరాన్ని అర్జీగా లెక్కిస్తే ఆ గడువు 2017లోనే ముగిసింది. ఇప్పుడు కొత్త అర్జీ పెట్టినంత మాత్రాన చచ్చిన గడువు బతకదని 2008లో సి. జాకబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ప్రధాన దరఖాస్తుతోపాటు జాప్యాన్ని మన్నించమని విడిగా దరఖాస్తు వేయాలి, ఆ అధికారం ట్రిబ్యునల్‌కు అదే సెక్షన్ ఇచ్చింది. అదే 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, కోరిన ఉపశమనం ఇతరుల స్థిరపడిన హక్కులను కదిలించనప్పుడు జాప్యం ఉన్నా ఇవ్వవచ్చని పేర్కొంది. ఒక జవాను రికార్డులో ఒక పతకం చేరితే మరొకరి సీనియారిటీ గాని, ప్రమోషన్ గాని పోదు. మీ వాదన ఈ వైపు నుంచి సాగాలి. అయితే ఆ తీర్పులోని నిరంతర నష్టమనే సూత్రం (నష్టం కొనసాగుతున్నంత కాలం జాప్యం అడ్డు కాదనేది) పింఛను వంటి నెలనెలా చెల్లింపులకు చెప్పినది, పతకానికి దాన్ని యథాతథంగా అంటగట్టవద్దు. ఎదుటి న్యాయవాది మొదట పట్టుకునేది అదే.

పింఛను విషయంలో ఆశ పెట్టుకోకండి. రజతోత్సవ పతకానికి గాని, పశ్చిమీ స్టార్‌కు గాని నెలవారీ భత్యం లేదు. కేంద్రం నెలవారీ భత్యం ఇచ్చేది శౌర్య పతకాలకు. 2017 ఆగస్టు నుంచి వీర్ చక్రకు 7,000 రూపాయలు, శౌర్యానికిచ్చిన సేనా మెడల్‌కు 2,000 రూపాయల చొప్పున ఉంది. మీరు కోరుతున్నది గౌరవం, రికార్డు. ఆ మాటే అర్జీలోనూ రాయండి. బకాయిలేవీ కోరడం లేదని ఒక వాక్యం ఉంటే జాప్యం గురించిన అభ్యంతరం కొంత మెత్తబడుతుంది.

మీ నాన్నగారు ఉండగానే ఆయన పేరుతో దరఖాస్తు దాఖలు చేయడం మేలు, ఆయన చెప్పే సాక్ష్యానికి మరొకటి సాటి రాదు. ట్రిబ్యునల్ చట్టం వారసులకూ వర్తిస్తుంది కాబట్టి, దైవవశాత్తు మధ్యలో ఏమైనా అమ్మగారు గాని మీరు గాని కొనసాగించవచ్చు. అఫిడవిట్‌ను ఇప్పుడే నోటరీ ముందు చేయించి ఉంచండి. న్యాయవాది ఖర్చు భారమనుకుంటే, 2025లో జాతీయ న్యాయసేవల ప్రాధికార సంస్థ సైనిక కుటుంబాల కోసం ప్రారంభించిన వీర్ పరివార్ సహాయతా యోజన గురించి సైనిక సంక్షేమ కార్యాలయంలో వాకబు చేయండి. డిశ్చార్జి బుక్కు అసలు ప్రతిని మాత్రం ఎవరికీ పోస్టులో పంపవద్దు. నమోదు కోసం రికార్డు ఆఫీసు అసలు ప్రతే కావాలని రాతపూర్వకంగా అడిగితే, ప్రతి పుటకూ రంగుల నకలు తీయించి, సైనిక సంక్షేమాధికారి చేతికిచ్చి, పుటల సంఖ్య రాసిన రసీదు తీసుకున్నాకే పంపించండి.