48 గంటల్లో ఒక ఆట: మేనకోడలికి ఉత్తరం

బసవనగుడి, బెంగళూరు.

చిరంజీవి సాహితికి మామయ్య ఆశీస్సులు.

వచ్చే శుక్రవారం సాయంత్రం మొదలై ఆదివారం సాయంత్రం ముగిసే గేమ్ జామ్‌కు, అంటే అప్పటికప్పుడు ఇచ్చే అంశం (థీమ్) మీద గడువులోగా ఒక ఆట తయారుచేసే పోటీకి, నువ్వు, నీ హాస్టల్ స్నేహితురాళ్ళిద్దరు పేర్లిచ్చారని, ఇప్పటికే కథ కూడా రాసిపెట్టుకున్నారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. పేర్లిచ్చినందుకు సంతోషించాను కానీ, కథ మాట వినగానే ఈ ఉత్తరం రాయక తప్పదనిపించింది. థీమ్ ప్రకటించక ముందే రాసుకున్న కథను తర్వాత థీమ్‌కు అతికించబోతే అతుకు పైకి కనిపిస్తుంది. పైగా కథ చెప్పడం మొదలుపెట్టాక దాన్ని చివరిదాకా చెప్పి తీరాలి. 48 గంటల్లో ముగ్గురికి అది మోయలేని బరువు. దాన్ని సెలవులకు దాచుకోండి.

నేను చెప్పదలచింది నిజానికి ఒక్కటే. శనివారం రాత్రి మీరు నిద్రకు వెళ్ళేలోగా, మీ ముగ్గురూ కాని ఒక మనిషి మీ ఆటను మొదలుపెట్టి, గెలిచో ఓడిపోయో, మళ్ళీ మొదటినుంచి ఆడగలిగేలా ఉండాలి. బొమ్మల స్థానంలో రంగు చతురస్రాలున్నా, సంగీతం లేకపోయినా, అక్కడికి చేరితే మీ ఆట పూర్తయినట్టే. ఆదివారమంతా దానికి నగిషీ చెక్కడానికే మిగులుతుంది.

ఈ సంగతి నాకు చేతులు కాలాకే తెలిసింది. 2018 ఆగస్టులో ఇద్దరు మిత్రులతో కలిసి లూడమ్ డేర్ అనే ఆన్‌లైన్ జామ్‌కు కూర్చున్నాను. 2002లో మొదలైన ఆ జామ్‌లో అప్పటికి ఒంటరిగా చేసేవారికి 48 గంటలు, జట్టుగా చేసేవారికి 72 గంటలు గడువు. చోటు అయిపోతోందన్న అర్థం వచ్చే థీమ్ ఇచ్చారు. మా వంటగది గట్టు చూడగానే ఆట తట్టింది: తోమిన స్టీలు గిన్నెలు ఒకదాని వెనుక ఒకటి వస్తుంటాయి, వాటిని స్టాండులో సర్దాలి, చోటు చాలక గిన్నె కింద పడితే ఆట ముగిసినట్టు. ఆలోచనకు వంక పెట్టడానికి లేదు. అయితే నేను మొదటి రోజంతా ఆటను మధ్యలో ఆపి భద్రపరుచుకునే ఏర్పాటు రాస్తూ కూర్చున్నాను. రెండు నిమిషాల్లో అయిపోయే ఆటకు అదెందుకని నన్ను అడిగినవారు లేరు. ఒక మిత్రుడు ఇడ్లీ పాత్ర, కాఫీ ఫిల్టరు, గుంతపొంగనాల పెనం అంటూ 22 బొమ్మలు గీశాడు. రెండో రోజు రాత్రికి మా దగ్గర చూడముచ్చటైన గిన్నెలున్నాయి, కింద పడే గిన్నె మాత్రం ఒక్కటీ లేదు. చివరి రోజు 18 బొమ్మలు తీసేసి, నాలుగే గిన్నెలతో ఆటను నిలబెట్టి, గడువుకు పావుగంట ముందు అప్‌లోడ్ చేశాం. ఆడినవారిలో ఎక్కువమంది మెచ్చుకున్నది గిన్నె పడినప్పటి చప్పుడును; అది మీ అత్తయ్య కంచాన్ని గచ్చు మీద జారవిడిచి ఫోనులో రికార్డు చేసుకున్నది. ఆ కంచానికి పడిన సొట్ట గురించి నేటికీ వింటున్నాను.

కాబట్టి శుక్రవారం రాత్రి థీమ్ తెలిశాక కంప్యూటర్ తెరవకుండా కాగితం ముందు కూర్చోండి. మీ ఆట నియమం ఒక్క వాక్యంలో పట్టకపోతే దాన్ని వదిలి ఇంకొకటి వెతకండి. 2013లో ఏడు రోజుల జామ్‌లో పుట్టిన సూపర్‌హాట్ అనే ఆటను చూడు: నువ్వు కదిలితేనే కాలం కదులుతుంది. అంతే నియమం, తర్వాత అది పెద్ద ఆటగా ఎదిగినా ఆ వాక్యం మారలేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో జావాతో నడిచే పాత మీటల ఫోన్లకు ఆటలు చేసేవాళ్ళం. కొన్ని ఫోన్లలో ఆట మొత్తం 64 కిలోబైట్లు దాటితే ఎక్కేదే కాదు, తెర 128 పిక్సెళ్ళ పొడవూ అంతే వెడల్పూ. ఆ ఇరుకు మాకు నేర్పినంతగా ఏ మేనేజరూ నేర్పలేదు.

శనివారం మధ్యాహ్నానికే, తెర మీద ఒక చతురస్రం అటూ ఇటూ కదలడం తప్ప ఇంకేమీ లేకపోయినా, ఆటను బ్రౌజర్‌కు ఎక్స్‌పోర్ట్ చేసి ఆటలు పెట్టుకునే ఇచ్.ఐఓ సైటులో ఎవరికీ కనిపించని డ్రాఫ్టుగా పెట్టి చూడండి. ఇక్కడ బయటపడే చిక్కులన్నీ చిన్నవే గాని, ఆదివారం సాయంత్రం ఎదురైతే ప్రాణం తీస్తాయి. జిప్ ఫైలు తెరవగానే ఇండెక్స్ పేరుగల హెచ్‌టీఎంఎల్ ఫైలు పైవరుసలోనే ఉండాలి, లోపలి ఫోల్డర్‌లో ఉంటే ఆట తెరుచుకోకపోవచ్చు. ఫైలు పేరులో పెద్దక్షరం, చిన్నక్షరం తేడాను విండోస్ పట్టించుకోదు, సర్వరు పట్టించుకుంటుంది. అందుకే మీ లాప్‌టాప్‌లో కనిపించిన బొమ్మ అక్కడ మాయమవుతుంది. ఆడేవారు ఒకసారి నొక్కేదాకా బ్రౌజర్ శబ్దాన్ని రానివ్వదు కనుక, మొదట "ఆడదాం" అన్న మీట ఉన్న తెర ఒకటి పెట్టండి.

తెలుగులో మాటలు పెట్టాలని నీకుంటుంది, పెట్టాలి కూడా. ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ (ఇంజిన్) అయిన గోడాట్ 2023లో వచ్చిన నాలుగో వెర్షన్ నుంచి వత్తులు, గుణింతాలు సరిగా కూర్చుతోంది. కానీ మీ కంప్యూటర్‌లో అది సిస్టమ్ ఫాంటును అరువు తెచ్చుకుని చూపిస్తుంది. బ్రౌజర్‌లో ఆ అరువు పుట్టదు, అక్షరానికొక డబ్బా కనిపిస్తుంది. నోటో సాన్స్ తెలుగు వంటి ఫాంటును ప్రాజెక్టులోనే చేర్చుకోండి. వత్తులు విడిపోయే ఇంజిన్ వాడుతుంటే, వేరేచోట రాసి బొమ్మగా తెచ్చి అతికించడమే మార్గం.

మీ ముగ్గురి లాప్‌టాప్‌లూ ఒకే వేగంతో తెరను మార్చవు. ఫ్రేముకు, అంటే తెర మీద మారే ఒక్కో చిత్రానికి, ఇన్ని పిక్సెళ్ళు అని కదలిక రాస్తే, 60 హెర్ట్జ్ (సెకనుకు 60 సార్లు మారే) తెర మీద నింపాదిగా నడిచిన బొమ్మ 144 హెర్ట్జ్ తెర మీద రెండింతలకు పైగా వేగంతో పరుగెత్తవచ్చు. కదలిక వేగాన్ని ఎప్పుడూ కిందటి ఫ్రేము నుంచి గడిచిన కాలంతో గుణించండి. ఆటలో గెంతడం ఉంటే, బొమ్మ తాను నిలబడ్డ గట్టు అంచు దాటాక కూడా సుమారు పదో వంతు సెకను పాటు గెంతు మీటను ఒప్పుకోండి. లెక్క ప్రకారం అది మోసమే. కానీ ఆ వెసులుబాటు లేకపోతే, సరిగ్గా నొక్కాను, ఆటే తినేసింది అని ఆడేవారు విసుక్కుంటారు. ఆదివారం ఉదయం కొత్త లెవెల్ చేయాలనిపించినప్పుడల్లా ఆ సమయాన్ని ఇటువంటి సర్దుబాట్లకూ, శబ్దాలకూ వెచ్చించండి.

నిద్ర మానవద్దు. తెల్లవారుజామున మూడింటికి రాసిన కోడును ఎనిమిదింటికి చెరిపేయడం మా అందరికీ అలవాటే.

శనివారం రాత్రి ఎంత పొద్దుపోయినా ఆ డ్రాఫ్టు లింకు నాకు పంపు, మీ అత్తయ్య చేత ఆడిస్తాను. ఆవిడకు ఆటలు అలవాటు లేదు గనుక మనకు ఆవిడే కావాలి. వీడియో కాల్ పెట్టి, ఆవిడ ఏ మీట నొక్కుతోందో, ఎక్కడ ఆగి కళ్ళద్దాలు సర్దుకుంటోందో కాగితం మీద రాసుకో. ఒక్క మాట కూడా చెప్పకు. "అలా కాదత్తయ్యా, ఎడమ బాణం నొక్కు" అని నీ నోట వచ్చిందంటే, ఆ మాట తెర మీద ఉండాల్సిందన్నమాట. ఇక్కడ ఆవిడకు నేనూ ఏమీ చెప్పను. గంట మోగకుండా ఫోను సైలెంటులో పెట్టను, రాత్రి ఒంటిగంటైనా సరే చెయ్యి.

ఇట్లు,
మీ మామయ్య