తకాహే పక్షి తిరిగే దారిలో నడవబోతున్న మేనకోడలికి

అమ్మలూ,

నీ మెసేజ్ చూశాను. ఫిబ్రవరిలో న్యూజిలాండ్ వెళ్తున్నావనీ, హీఫీ ట్రాక్ అనే నడకదారి మీద అయిదు రోజులు గైడ్‌తో నడిచి అక్కడి పక్షుల్ని చూడాలనుకుంటున్నావనీ చదివి ఎంత సంతోషమేసిందో! నేను ఆ దారిలో రెండుసార్లు నడిచాను. మొదటిసారి పోగొట్టుకున్నది నువ్వు పోగొట్టుకోకూడదని ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను. ఓపిగ్గా చదువు.

ముందు గైడ్ సంగతి. ప్రభుత్వ అడవిలో డబ్బు తీసుకుని నడిపించాలంటే అక్కడి కన్జర్వేషన్ శాఖ అనుమతి ఉండాలి. అది ఉందో లేదో అడుగు. ఆ తర్వాత అసలు ప్రశ్నలు అడుగు. గుంపులో ఎంతమంది ఉంటారు? పక్షి కనిపిస్తే ఎంతసేపు ఆగుతారు? రాత్రి చీకటి పడ్డాక కివి పక్షి కోసం బయటికి తీసుకెళ్తారా? మొదటిసారి నేను వీటిలో ఒక్కటీ అడగలేదు. పన్నెండు మందిమి బయల్దేరాం. మమ్మల్ని తీసుకెళ్ళినవాళ్ళు మంచివాళ్ళే కానీ వాళ్ళకి నడకే ముఖ్యం. గడ్డిలోంచి ఏదో లోతైన అరుపు వినిపించి నేను ఆగితే, మధ్యాహ్నానికల్లా హట్ (రాత్రి బస చేసే గుడిసె) చేరాలంటూ కదిలించేశారు. అది తకాహే అరుపని తర్వాత తెలిసింది. రెండేళ్ళు ఆ అరుపు నా చెవుల్లోనే ఉంది. రెండోసారి నలుగురమే వెళ్ళాం. ఆ గైడ్ ఒక్కో చోట గంటసేపు కూర్చోబెట్టాడు. చూడాల్సినవన్నీ అప్పుడే చూశాను.

నువ్వు ఎంచుకున్న నెల మంచిదే. మే 1 నుంచి నవంబరు 30 దాకా ఆ దారిలో సైకిళ్ళని రానిస్తారు, ఫిబ్రవరిలో ఆ గొడవ ఉండదు. ఒక్క ఇబ్బంది ఏమిటంటే అప్పుడు వేసవి కాబట్టి రాత్రి తొమ్మిది దాటితేగానీ సరిగ్గా చీకటి పడదు. రోజంతా నడిచి అలిసిపోయి ఎనిమిదింటికే పడుకున్నావో, కివి సంగతి మర్చిపోవాల్సిందే. మధ్యాహ్నం హట్ చేరగానే ఒక గంట నిద్రపో.

మొత్తం దారి 78 కిలోమీటర్లు. దారి మొదలయ్యే బ్రౌన్ హట్ నుంచి పెర్రీ సాడిల్ అనే మజిలీ దాకా మొదటి రోజే 17 కిలోమీటర్ల పైన ఎక్కుడు ఉంటుంది. నిటారుగా ఉండదు కానీ ఎంతకీ అయిపోదు. రెండు నెలల ముందు నుంచే భుజాన బరువు వేసుకుని మెట్లెక్కడం మొదలుపెట్టు. కొత్త బూట్లతో మాత్రం వెళ్ళకు. ఇక్కడే వాటితో వంద కిలోమీటర్లయినా నడిచి ఉండాలి. పాదంలో ఎక్కడైనా మంట మొదలైందంటే మొహమాటపడకుండా గైడ్‌ని ఆపి అక్కడే ప్లాస్టర్ వేసుకో. సాయంత్రం చూసుకుందాంలే అనుకుంటే అప్పటికి బొబ్బ అవుతుంది, మిగతా నాలుగు రోజులూ పక్షుల్ని కాదు, నీ మడమనే చూసుకుంటావు.

వాన తప్పదు. పడమటి తీరం అది. బ్యాగు మీద వేసే కవర్‌ని నమ్ముకోకు. లోపల ఒక మందపాటి ప్లాస్టిక్ సంచి పెట్టి అందులో బట్టలూ స్లీపింగ్ బ్యాగూ సర్దు. వాగు పొంగిందని గైడ్ ఆగమంటే ఆగు, ఆ మాటకి ఎదురు చెప్పొద్దు. అక్కడి వాగులు ఎంత తొందరగా పొంగుతాయో అంత తొందరగానే తగ్గుతాయి.

ఇక పక్షులు. ఆ దేశంలో మనుషులు అడుగుపెట్టకముందు నేల మీద తిరిగే క్షీరదాలే లేవు, గబ్బిలాలు తప్ప. పట్టుకు తినే జంతువు నేల మీద లేకపోవడంతో కొన్ని పక్షులు ఎగరడమే మానేశాయి. ఆ తర్వాత ఎలుకలొచ్చాయి, పిల్లులొచ్చాయి. కుందేళ్ళని తగ్గించడానికని 1880ల్లో స్టోట్ అనే ముంగిసలాంటి జంతువుని తెల్లవాళ్ళే తెచ్చి వదిలారు. అది గుడ్లనీ పిల్లల్నీ ఊడ్చేసింది. దారి పక్కన పొడుగాటి చెక్కపెట్టెలు కనిపిస్తాయి, అవి స్టోట్‌లకి పెట్టిన బోనులు. ముట్టుకోకు. నువ్వు చూడబోయే ప్రతి పక్షీ ఆ పెట్టెల పుణ్యమా అని బతికున్నదే.

తకాహే గురించి కాస్త ఎక్కువ చెప్తాను. అది అంతరించిపోయిందనే అందరూ అనుకున్నారు. 1948 నవంబరులో జెఫ్రీ ఆర్బెల్ అనే డాక్టరు టే అనావ్ సరస్సు పక్కనున్న మర్చిసన్ కొండల్లో వెతికి మళ్ళీ కనిపెట్టాడు. ఆ కొండలు దాటి బయట కూడా అవి బతకాలని 2018లో 18 పక్షుల్ని తెచ్చి, నువ్వు నడిచే దారిలోని గూలాండ్ డౌన్స్‌లో వదిలారు. అందుకే ఆ మైదానాన్ని హడావిడిగా దాటొద్దంటున్నాను. పెర్రీ సాడిల్ నుంచి అక్కడికి 7 కిలోమీటర్లే, పొద్దున్నే బయల్దేరితే పదింటికల్లా చేరతావు. అక్కడి చిన్న హట్ దగ్గర బ్యాగు దించి, టస్సాక్ అనే గుబురు గడ్డి కనిపించేలా ఒక మూల కూర్చో. ఫోన్ లోపల పెట్టెయ్.

నేను అలా కూర్చున్న ముప్పావుగంటకి గడ్డి కదిలింది, గాలేమో లేదు. ముందు ఎర్రటి ముక్కు కనిపించింది, మందంగా, నుదుటి దాకా. మన చెరువుల్లో తిరిగే నీలిరంగు నీటికోడిని మూడింతలు చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. వీపు మీద నెమలి పచ్చ, ఛాతీ మీద ముదురు నీలం. కాళ్ళు ఎంత లావో! ఒక కాలికి రంగు పట్టీలు కూడా ఉన్నాయి. అది ఒక గడ్డిపోచని ముక్కుతో పీకి, కాలి వేళ్ళతో చేత్తో పట్టుకున్నట్టు పట్టుకుంది. పోచ మొదలు దగ్గరున్న తెల్లటి మెత్తని భాగం మాత్రం నమిలి మిగతాది పక్కన పడేసింది. తర్వాత ఇంకోటి, ఆ తర్వాత ఇంకోటి. పది నిమిషాల్లో దాని ముందు కొరికి పారేసిన పోచలు చిన్న కుప్ప అయ్యాయి. పక్షి కనబడకపోయినా ఇలా మొదలు కొరికేసిన గడ్డిపోచలు దారి పక్కన కనిపిస్తే, అది అక్కడే ఎక్కడో ఉందని గుర్తు. ప్రపంచం మొత్తంలో అవి దాదాపు 500. నీ దగ్గరికి నడుచుకుంటూ వచ్చినా తిండి పెట్టకు, చెయ్యి చాపకు.

కివిని ఎక్కువగా వింటావు, చూడటం అదృష్టం. అక్కడుండేది రొరొవా అనే పెద్ద చుక్కల కివి. మగది ఈల వేసినట్టు పైకి పైకి పోతూ అరుస్తుంది, ఆడది బొంగురుగా. ఎర్ర లైటు టార్చి ఒక్కటే వాడు, తెల్ల లైటూ ఫ్లాషూ వద్దు. ఫోన్‌లో కివి అరుపు పెట్టి పిలవాలని ఎవరైనా అంటే ఒప్పుకోకు. తన చోటులోకి శత్రువొచ్చిందనుకుని అది తిండి మానేసి పోట్లాటకొస్తుంది. నాకైతే ఒకే ఒక్కసారి, పొదల్లోంచి జలుబు చేసిన పిల్లాడు ముక్కు ఎగబీల్చినట్టు శబ్దం వినిపించింది. కివికి ముక్కు రంధ్రాలు ముక్కు కొసన ఉంటాయి కదా, మట్టిలో వాసన చూసి మధ్యమధ్య ఇలా చీదుకుంటుందట. గైడ్ నా మోచెయ్యి పట్టుకుని కదలొద్దని సైగ చేశాడు. పక్షి కనబడలేదు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇంకా చాలా ఉన్నాయి. ఆ దేశపు పది డాలర్ల నోటు మీదున్న బాతు, ఫియో, ఆ దారి ఉన్న నేషనల్ పార్కులోని వేగమైన కొండ నదుల్లోనే ఉంటుంది. నీళ్ళ మధ్య బూడిదరంగు రాళ్ళని బైనాక్యులర్స్‌తో ఒక్కొక్కటే చూడు, వాటిలో ఒకటి ఉన్నట్టుండి కదులుతుంది. 8×42 బైనాక్యులర్స్ చాలు, అంతకంటే పెద్దవి మెడ నొప్పికే. అడవిలో బూటుతో నేల కాస్త గీరి కదలకుండా నిలబడు. రాబిన్ పిట్ట పురుగుల కోసం నీ కాళ్ళ దగ్గరికే వస్తుంది. వెకా అని గోధుమరంగు కోడిలాంటిది ఒకటుంది, అది పచ్చి దొంగ. సాక్సూ చెంచాలూ బయట వదిలావంటే పొదల్లోకి ఎత్తుకుపోతుంది. దారిలో పెద్ద మెరిసే నత్తగుల్ల కనిపిస్తే చూసి అక్కడే వదిలెయ్. ఖాళీదైనా తీసుకోవడం చట్టప్రకారం నేరం.

చివరి రోజులు సముద్రం ఒడ్డు. అక్కడ శాండ్‌ఫ్లైలనే చిన్న ఈగలు పగలంతా కుడతాయి, నడుస్తుంటే తగ్గుతాయి, రాత్రి మాత్రం వదిలేస్తాయి. ఫుల్ చేతుల చొక్కా, మందపాటి సాక్స్ పెట్టుకో.

మర్చిపోయే ముందు ఒకటి. ఎయిర్‌పోర్టులో వాడిన బూట్లు ఉన్నాయని కచ్చితంగా రాసి ఇవ్వు. అడుగున మట్టి రవ్వ కూడా లేకుండా పాత టూత్‌బ్రష్‌తో తోమి పట్టుకెళ్ళు. తినే వస్తువులైనా అంతే, రాయకపోతే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా వేస్తారు.

నా ఎర్ర లైటు టార్చి నీకోసం తీసి పెట్టాను. వచ్చే ఆదివారం వచ్చి తీసుకో, వచ్చేటప్పుడు నీ బూట్లు కూడా వేసుకునిరా. ఎలా నడుస్తున్నావో చూస్తాను.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య