ఏడాది చివర కామిక్స్ జాబితా వేయబోతున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

ఈ ఏడాది వచ్చిన కామిక్స్‌లో నీకు నచ్చిన పదింటి జాబితా వేస్తానన్నావట, మీ అమ్మ చెప్పింది. వెయ్యి, మంచిదే. కానీ డిసెంబరు ఆఖరి వారంలో అలమారా ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంటే, ఆ పదింటిలో ఏడు నవంబరులో చదివినవే తేలతాయి. ఫిబ్రవరిలో చదివింది ఒక్కటీ గుర్తు రాదు. ఈసారికి గుర్తున్నంతలో కానిచ్చెయ్. జనవరి ఒకటి నుంచి మాత్రం ఒక నోటుబుక్కు పెట్టు.

రెండొందల పేజీల లాంగ్ నోటుబుక్కు చాలు. పుస్తకానికో పేజీ. పైన పుస్తకం పేరు, రాసినవాళ్లు, బొమ్మలు వేసినవాళ్లు, రంగులు వేసినవాళ్లు, పాత్రల మాటలుండే బుడగల్లో అక్షరాలు పేర్చినవాళ్లు, ప్రచురణ సంస్థ, మూలం వచ్చిన సంవత్సరం, నువ్వు చదివిన భాషలోకి వచ్చిన సంవత్సరం. కింద రెండే ప్రశ్నలు: ఏ పేజీ దగ్గర ఆగిపోయాను? ఎక్కడ విసుగొచ్చింది? రెండింటికీ జవాబు పేజీ నంబరుతో ఉండాలి. కామిక్స్‌లో చాలావాటికి పేజీ నంబర్లు ఉండవు కాబట్టి కథ మొదలైన పేజీని ఒకటిగా పట్టుకుని లెక్కపెట్టుకో. నంబరు మామూలు కాగితం చీటీ మీద రాసి లోపల పెట్టు. జిగురున్న పసుపు చీటీలు నెలల తరబడి వదిలేస్తే మరక పడుతుంది, తీసేటప్పుడు రంగు కూడా ఊడొస్తుంది.

పదింటి జాబితాకు నలభై అయినా చదవాలి. పన్నెండు చదివి పది ఎంచితే నువ్వు చేసిన పనల్లా రెండింటిని పక్కన పెట్టడమే.

ముందు తేల్చుకోవలసింది 'ఈ ఏడాది' అంటే ఏమిటన్నది. జాబితా బయటపెట్టిన గంటలో మొదటి గొడవ ఇక్కడే వస్తుంది. చార్లెస్ బర్న్స్ 'ఫైనల్ కట్' చూడు. ఇంగ్లీషులో 2024లో ఒకే సంపుటంగా వచ్చింది. ఫ్రెంచిలో అదే కథ 2019, 2021, 2023లలో మూడు భాగాలుగా వచ్చేసింది. ఫ్రెంచి చదివేవాడికి అది పాతది, నీకు కొత్తది. నా మాట వింటే, నువ్వు చదవగలిగే భాషలో మొదటిసారి పుస్తకంగా వచ్చిన ఏడే లెక్క. అమెరికాలో కామిక్స్‌కు 1988 నుంచి ఇస్తున్న ఐస్నర్ అవార్డుల్లో కూడా ముందటి క్యాలెండరు ఏడాది వచ్చినవాటినే చూస్తారు, వేరే దేశాల నుంచి అనువాదమై వచ్చినవాటికి విడిగా విభాగాలు పెట్టారు. నువ్వు ఏ నియమం పెట్టుకున్నా పర్వాలేదు, జాబితా మొదటి వాక్యంలో అది రాసెయ్. పాతవి చదివి ఇష్టపడితే 'ఈ ఏడాది చదివిన పాతవి' అని మూడింటితో వేరే చిన్న జాబితా పెట్టుకో. పదిలో కలపకు.

రెండో చిక్కు నెలనెలా వచ్చే సంచికలతో. 'ఆబ్సల్యూట్ బ్యాట్‌మ్యాన్' 2024 అక్టోబరులో మొదలైంది. బ్యాట్‌మ్యాన్‌గా మారే బ్రూస్ వేన్ ఇందులో డబ్బులేనివాడు. స్కాట్ స్నైడర్ కథ, నిక్ డ్రగోటా బొమ్మలు. ఊరంతా దాని గోలే. అయితే ఆ డిసెంబరు చివరికి చేతికొచ్చినవి మూడు సంచికలు. మూడింటిని చూసి 'ఏడాదికే గొప్పది' అనడం పెళ్లిచూపుల్లో కాఫీ తాగి కాపురం ఎలా ఉంటుందో చెప్పడం లాంటిది. అదే ఏడాది జనవరిలో మొదలైన 'అల్టిమేట్ స్పైడర్ మ్యాన్' గురించైతే మాట్లాడొచ్చు, ఏడాది పొడుగునా వచ్చింది కదా. కనీసం ఐదారు సంచికలు రావాలి, లేదా ఒక కథ ముడి విడిపోవాలి. అప్పటిదాకా అది వచ్చే ఏటి ఖాతాలో ఉంటుంది.

రెండో భాగాలకు ఇంకో జాగ్రత్త. ఎమిల్ ఫెర్రిస్ 'మై ఫేవరెట్ థింగ్ ఈజ్ మాన్‌స్టర్స్' మొదటి భాగం 2017లో, రెండోది 2024లో. మధ్యలో ఏడేళ్లు. మొదటిది మళ్లీ చదవకుండా రెండోది తెరిస్తే సగం మనుషులు ఎవరో తెలియరు, ఆ తికమక పుస్తకం లోపమనిపిస్తుంది. రెండూ ఒకే నెలలో వరసగా చదువు. తీర్పు మాత్రం రెండోదాని మీదే రాయి.

ఇక అసలు పని, చదవడం. ఒక్కో పుస్తకం రెండుసార్లు చదవాలి, మధ్యలో మూడు వారాలు ఎడం ఉండాలి. మొదటిసారి కథ కోసం, ఆపకుండా. రెండోసారి బుడగల్లో మాటలు చదవకుండా బొమ్మలే చూస్తూ తిప్పు. ఎవరు ఎక్కడున్నారో, ఎవరికి కోపం వచ్చిందో బొమ్మలే చెబుతున్నాయా? చెప్పకపోతే ఆ పుస్తకం బొమ్మలున్న నవల, అంతే. ఒలివియే స్ఖ్రావెన్ 'సండే' లాంటిదానికి ఈ రెండో విడత తప్పనిసరి. 472 పేజీల్లో ఒక మనిషి ఒక్క ఆదివారం గడుస్తుంది. మొదటిసారి విసుక్కున్నవాళ్లకు కూడా రెండోసారి, తలలో మాట ఒకటి నడుస్తుండగా బొమ్మలో చెయ్యి వేరే పని చేస్తుండడం కనిపిస్తుంది.

రెండో చదువులో గడులు, అంటే ఒక్కో బొమ్మ ఉండే చట్రాలు, లెక్కపెట్టు. మొదట సంచికలుగా వచ్చిన 'వాచ్‌మెన్' అనే సూపర్‌హీరోల కామిక్‌లో పేజీకి మూడు వరసలు, వరసకు మూడు గడులు, మొత్తం తొమ్మిది అనే కొలత పుస్తకమంతా నడుస్తుంది. అలా అలవాటైన కంటికి రెండు మూడు గడులు కలిపి ఒక పెద్ద బొమ్మ వేస్తే చప్పుడు వినిపించినట్టు ఉంటుంది. అందులో అయిదో సంచిక ఇంకా గట్టిది. 28 పేజీలు అద్దంలో పెట్టినట్టు ఉంటాయి: మొదటి పేజీ గడుల అమరికకు ఆఖరి పేజీ జోడు, రెండోదానికి ఆఖరి నుంచి రెండోది, అలా 14, 15 పేజీలు నడిమధ్యలో కలుస్తాయి. మొబైల్లో ఒక్కో గడీ జూమ్ చేసి చూపించే పద్ధతిలో చదివావంటే ఇదంతా మాయం. మొబైల్లో చదివితే చదువుకో, జాబితాలోకి ఎక్కించే ముందు మాత్రం పేజీ మొత్తం, వీలైతే ఎదురెదురు పేజీలు రెండూ ఒకేసారి కనిపించేలా చూడు. పేజీ తిప్పే చోటు కూడా గమనించు. ఇంగ్లీషు, తెలుగు పుస్తకాల్లో కుడిపేజీ అడుగున ఉన్న గడి నిన్ను ఊరించాలి, తిప్పగానే జవాబు దొరకాలి. మాంగా, అంటే జపాను కామిక్స్, కుడి నుంచి ఎడమకు నడుస్తుంది కాబట్టి అక్కడ ఊరించే గడి ఎడమపేజీ అడుగున ఎడమ మూలన ఉంటుంది.

చూపు సానబెట్టుకోవడానికి ఒక పాత పుస్తకం దగ్గర పెట్టుకో: 2011లో నవయాన ప్రచురణ సంస్థ వేసిన 'భీమాయన'. అంబేడ్కర్ జీవితం. దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అనే పర్ధాన్ గోండు చిత్రకారులు బొమ్మలు వేశారు. వాళ్లు మనుషుల్ని డబ్బాల్లో బంధించం అన్నారు కనుక చదరపు గడులు లేవు. గోండు ఇళ్ల గోడల మీద వేసే దిగ్నా ముగ్గుల పట్టీలే పేజీని విడగొడతాయి. బుడగలు దగ్గరగా చూడు. మెత్తగా మాట్లాడేవాళ్ల మాటలు పక్షి ఆకారంలో ఉన్న బుడగలో ఉంటాయి. కులం పేరుతో కరిచేవాళ్ల మాటల బుడగకు తేలు కొండి ఉంటుంది. మనసులో మాటకు పక్కన ఒక కన్ను. ఆ పుస్తకం చూశాక ఏ కామిక్ తెరిచినా, ఈ బుడగ ఎందుకు ఈ ఆకారంలో ఉంది అని అడక్కుండా ఉండలేవు. ఆ ప్రశ్నకు జవాబున్న పుస్తకాలే నీ పదిలో ఉండాలి.

తెలుగు అనువాదాలు జాబితాలోకి తెస్తానంటావు కాబట్టి అక్షరాల సంగతి కాస్త వివరంగా చెబుతాను. దీని గురించి ఎవరూ రాయరు. ఇంగ్లీషు కామిక్స్‌లో చాలావాటిలో మాటలన్నీ పెద్దక్షరాలే, అన్నీ ఒకే ఎత్తు. అందుకే వరసలు దగ్గర దగ్గరగా పేర్చినా ఇరుకనిపించదు. మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరం చాలు, పైనా కిందా స్థలం తినేస్తుంది. పైగా మన మాట పొడుగు. ఇంగ్లీషులో అయిదు చిన్న ముక్కలుగా విరిచి సన్నటి నిలువు బుడగలో పేర్చిన వాక్యం తెలుగులో 'వెళ్లిపోతున్నానన్నాడు' అని ఒకే ముద్దగా వస్తుంది, దాన్ని మధ్యలో విరవలేం. బుడగ మాత్రం ఇంగ్లీషుకు గీసిన కొలతే. అప్పుడు జరిగేవి మూడు: అక్షరం సైజు తగ్గించేస్తారు, వరసల మధ్య ఎడం తగ్గించేస్తారు, లేదా అక్షరాలు బుడగ అంచుకు తగిలిపోతాయి. చేతిలో ఉన్న అనువాదంలో 'రాష్ట్రం', 'స్త్రీ' లాంటి మాట ఉన్న బుడగ ఒకటి వెతుకు. పై వరసలో వత్తు కింద వరసలో గుడిని గుద్దుకుంటోందా చూడు. గుద్దుకుంటే పుస్తకమంతా ఆ ఇబ్బంది ఉంటుంది, పది పేజీలకే కళ్లు లాగుతాయి, నువ్వేమో కథ సాగట్లేదని రాస్తావు. మంచి అనువాదకులు వాక్యాన్నే కుదిస్తారు. 'నేనిప్పుడు వెళ్లిపోతున్నాను' బదులు 'వెళ్తున్నా' అంటారు. అలా చేసినవాళ్ల పేరు జాబితాలో తప్పకుండా వెయ్యి.

రాసేటప్పుడు పుస్తకానికి 90 నుంచి 120 మాటలు చాలు. అందులో ఒక్క పేజీ గురించైనా చెప్పాలి. 'బొమ్మలు అద్భుతం' అనేది ఏ పుస్తకానికైనా అతుకుతుంది కనుక కొట్టెయ్. ఫెర్రిస్ పుస్తకం గురించైతే ఇలా రాయొచ్చు: 'బడిపిల్లల గీతల నోటుబుక్కు మీద బాల్ పెన్నుతో వేసిన బొమ్మలివి. నీడ కావలసిన చోట గీత మీద అడ్డగీత, దాని మీద ఇంకో గీత. ముఖం వెనక నుంచి నోటుబుక్కు నీలి గీతలు కనిపిస్తూనే ఉంటాయి. తనను తాను తోడేలు పిల్లగా గీసుకునే పదేళ్ల అమ్మాయి డైరీ ఇది అని మాట చెప్పకముందే తెలుస్తుంది.' ఇది చదివినవాడికి పుస్తకం కళ్లకు కడుతుంది, ముగింపు కూడా చెప్పినట్టు కాదు. కథలో మొదటి మూడో వంతు దాటిన సంగతులు బయట పెట్టకు.

ఒకటి నుంచి పది దాకా నంబర్లు వేయకు. మొదటి మూడింటికే వరస చెప్పి మిగిలిన ఏడూ అక్షరక్రమంలో పెట్టు. ఆరోదానికీ ఏడోదానికీ తేడా ఏమిటని అడిగితే నీ దగ్గర జవాబుండదు. అవార్డుల కోసం కూడా ఆగకు. టెస్సా హల్స్ 'ఫీడింగ్ గోస్ట్స్' 2024 పుస్తకం, దానికి అమెరికా పులిట్జర్ బహుమతి వచ్చింది 2025లో. ముందే ఎంచినవాళ్లు తమ కంటిని నమ్ముకున్నారు, తర్వాత చేర్చినవాళ్లు వార్తను.

దిగుమతి పుస్తకాలు మండే ధర. నలభైలో పది కొను, మిగతావి లైబ్రరీలోనో స్నేహితుల దగ్గరో చదువు. దొంగ స్కాన్లు వద్దు, వాటిలో రంగులు చచ్చిపోయి ఉంటాయి, వాటిని చూసి రంగులు వేసినవాడిని తిడతావు. పాతవాటి కోసం ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్‌కు వెళ్తే పిన్నులు కొట్టిన పుస్తకాన్ని నడిమికి తెరిచి చూడు. 32 పేజీల పుస్తకంలో నడి కాగితం ఊడితే 15 నుంచి 18 దాకా నాలుగు పేజీలూ వరసగా పోతాయి, అది చదువుతుంటే తెలుస్తుంది. పై కాగితం ఊడితే 1, 2తో పాటు 31, 32 కూడా పోతాయి. అమ్మేవాడికి కూడా తెలియదు, ఇంటికెళ్లాక ముగింపు లేని కథ మిగులుతుంది.

ఫొటోలు పుస్తకానికి ఒక అట్ట, ఒక లోపలి పేజీ, అంతకు మించి వద్దు. కిటికీ పక్కన పొద్దున పది గంటల వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తియ్యి. నున్నటి కాగితం మెరిస్తే పుస్తకాన్ని కిటికీకి అడ్డంగా తిప్పు. దళసరి పుస్తకాన్ని బలంగా విరిచి పరచకు, ఫొటో తీయని వైపు కింద ఇంకో పుస్తకం ఎత్తుగా పెడితే పేజీ దానంతటదే చదునుగా ఉంటుంది. ముసాయిదా డిసెంబరు 20 లోపు నాకు పంపు. పేర్లు, ఏళ్లు సరిచూసి రెండు రోజుల్లో తిప్పి పంపిస్తాను.

ఇట్లు,
మావయ్య