జోస్యం మనకెందుకు, చూసింది రాయి

అమ్మాయ్,

కొత్తగా పైకొస్తున్న కళాకారుల మీద నువ్వు రాసి పంపిన మూడు వ్యాసాలూ చదివాను. ఆ కుర్ర గాయకుడి మీద రాసింది రెండుసార్లు చదివాను, బాగుండి కాదు, ఎక్కడ జారిందో పట్టుకుందామని. "చిన్నప్పటి నుంచీ సంగీతమంటే ప్రాణం" అని ఎత్తుకున్నావు. పాడేవాడికి సంగీతమంటే ప్రాణం అనడం, చేపకి నీళ్లంటే ఇష్టం అన్నట్టుంటుంది. చివర్లో "రేపటి తార" అన్నావు, అది నీకెవరు చెప్పారు? మధ్యలో మాత్రం ఒక్క వాక్యం దొరికింది నాకు: పై స్వరం దగ్గర గొంతు జీరపోయినప్పుడల్లా అతను లేచి వెళ్లి, గోడ వైపు తిరిగి నిలబడి మళ్లీ అందుకుంటాడని. అది నువ్వు కళ్లారా చూశావు కాబట్టి అంత బాగా వచ్చింది. మిగతాదంతా అతను చెప్పాడు, నువ్వు రాసుకున్నావు, అంతే.

ఈ తప్పు నేను చేసినన్నిసార్లు ఇంకెవరూ చేసి ఉండరులే. నీ వయసులో ఒక చిత్రకారుడి గురించి రాశాను. ఎవరి దగ్గరా నేర్చుకోలేదన్నాడు, నమ్మేశాను, పైగా "ఏకలవ్యుడు" అని శీర్షిక పెట్టి మురిసిపోయాను. మూడో రోజు ఒక పెద్దాయన ఫోన్ చేశారు. ఆ కుర్రాడికి నాలుగేళ్లు బొమ్మలు గీయడం నేర్పింది ఆయనట. కోపమేమీ లేదు గొంతులో. "ఏకలవ్యుడు కనీసం గురువుకో మట్టిబొమ్మ చేసుకున్నాడు, నాకు అది కూడా దక్కలేదే" అన్నారు. ఏం చెప్పాలో తెలీక ఫోన్ పట్టుకుని అలాగే ఉండిపోయాను. సవరణ వేశాం, కానీ సవరణ ఎవరు చదువుతారు? కుర్రాడు పూర్తిగా అబద్ధమాడాడని కూడా అనను. కొత్తగా పైకొచ్చేవాళ్లకి తమ గురించి ఒక కథ కావాలి, ఆ కథని మొదట నమ్మేది వాళ్లే. మనం ఇంకో ఇద్దరిని అడగాలి, గురువునో, పక్కన వాయించేవాళ్లనో, ఆ పని నచ్చనివాళ్లనో. నేను అడగలేదు.

చెయ్యి తిరిగినవాళ్లకీ తప్పలేదు ఇది. జోసెఫ్ మిచెల్ అని అమెరికాలో న్యూయార్కర్ పత్రికలో రాసేవాడు, 1942లో జో గౌల్డ్ అనే ఒక దేశదిమ్మరి గురించి రాశాడు. జనం నోటి మాటలన్నీ పోగేసి 90 లక్షల మాటలకు పైగా పుస్తకం రాస్తున్నానని గౌల్డ్ చెప్పుకునేవాడు. గౌల్డ్ 1957లో పోయాడు. ఆ మహాగ్రంథం దాదాపు లేనే లేదని మిచెల్ 1964లో మళ్లీ రాయాల్సి వచ్చింది. అందుకే "ఆల్బమ్ రెడీ అవుతోంది", "నవల సగం అయింది" అని ఎవరన్నా, ఒకసారి చూపిస్తారా అని అడుగు. మొహమాటపడకు. చూపించకపోతే "అని చెప్పారు" అని రాయి, ఆ రెండు మాటలు నిన్ను కాపాడతాయి.

పేరున్నవాళ్లతో తలనొప్పి వేరు. అమెరికాలో పేరుమోసిన గాయకుడు ఫ్రాంక్ సినాత్రా ఇంటర్వ్యూ ఇవ్వకపోతే, గే టలీజ్ అనే విలేకరి ఆయన చుట్టూ ఉన్నవాళ్లతో మాట్లాడి, దూరం నుంచి చూసి 1966లో ఎస్క్వైర్ పత్రికకి రాశాడు. నీ దగ్గరికొచ్చేవాళ్లు అందుకు పూర్తిగా ఉల్టా. గంట అడిగితే మూడు గంటలిస్తారు, నాన్నతో గొడవ దగ్గర నుంచి అప్పుల దాకా అన్నీ చెప్పేస్తారు, ఇదంతా అచ్చులోకి వెళ్తుందన్న ధ్యాస కూడా ఉండదు. అక్కడే నాకు భయం. ఇరవై ఏళ్ల పిల్ల పేరు రేపు ఎవరైనా వెతికితే మొదట కనబడేది నీ వ్యాసమే కావచ్చు, అదీ ఏళ్ల తరబడి. అలాంటి మాట వచ్చినప్పుడు పెన్ను ఆపి "ఇది రాయొచ్చా?" అని అడుగు. మంచి వాక్యం పోతుంది, పోనీ.

వ్యాసం ముందే చూపించమంటారు. మొత్తం చూపించకు, వాళ్ల మాటలూ పేర్లూ తేదీలూ మాత్రం చదివి వినిపించు. క్లాస్‌మేట్ మీదైతే అసలు నువ్వు రాయకు, ఇంకొకరికి ఇచ్చెయ్. రికార్డర్ పెట్టేముందు చెప్పి పెట్టు, అయినా చేత్తో కూడా రాసుకో, ఎందుకంటే గోడ వైపు తిరగడం రికార్డర్‌లో పడదు.

ఇక ఆ ప్రశ్నలు! "మీకు స్ఫూర్తి ఎవరు?" అని అడిగితే అందరికీ కంఠతా వచ్చిన జవాబే వస్తుంది. ఒక శిల్పిని నేను "నిన్న ఏం పాడుచేశారు?" అని అడిగాను. ఆమె నవ్వి, బల్ల కిందనుంచి తడిగుడ్డ చుట్టిన మట్టి తల బయటికి లాగింది. చెవి ఒక్కటీ ఆరుసార్లు చెక్కి ఆరుసార్లూ నలిపేసిందట, ఆ చోట బొటనవేలి ముద్రలు లోతుగా ఉన్నాయి. ఆ తర్వాత గంటసేపు నేనేమీ అడగక్కర్లేకపోయింది, ఆమె ఏడోసారి మొదలుపెట్టింది, నేను చూస్తూ కూర్చున్నాను. డబ్బు ఎక్కణ్నుంచి వస్తోందో కూడా అడుగు, పగలు ఏ ఉద్యోగం చేస్తే రాత్రి ఆ పని సాగుతోందో. ఎవరూ అడగరు దాన్ని.

గాయకుడి వ్యాసం మళ్లీ రాసి పంపు, గోడ దగ్గర నుంచి మొదలుపెట్టి. ఇంకోసారి అతని సాధనకి వెళ్లు, ఈసారి ఏ ప్రశ్నా లేకుండా. అన్నట్టు, ఫోటో ఎవరు తీశారో పేరు వెయ్యలేదు నువ్వు, ఆ పిల్లాడు బాధపడతాడు, చూసుకో.