డిజిటల్ టీవీ ట్రాన్స్‌మిటర్‌లో యాంప్లిఫయర్ వక్రీకరణను ఎలా తగ్గించాలి?

డీవీబీ-టీ2 (భూతల డిజిటల్ టీవీ ప్రసార ప్రమాణం) ట్రాన్స్‌మిటర్‌లో సగటు పవర్ పరిమితిలోనే ఉన్నా, స్పెక్ట్రమ్ ఎనలైజర్ మీద చానల్‌కు ఇరువైపులా ‘భుజాలు’ (చానల్ బయటికి చిందే అనవసర సిగ్నల్) ఎందుకు లేస్తాయన్నది ప్రశ్న.

సగటును చూసి మోసపోవద్దు. డీవీబీ-టీ2 వాడే ఓఎఫ్‌డీఎం సిగ్నల్‌లో, డేటాను పంచుకుని మోసే వేల క్యారియర్లు (సన్నని తరంగాలు) ఉంటాయి. వాటి ఫేజులు ఒక్క క్షణం కలిసివస్తే చాలు, శిఖరం సగటు కంటే 10 డెసిబెల్స్ పైకి, అంటే 10 రెట్ల పవర్‌కు ఎగబాకుతుంది. యాంప్లిఫయర్ అంత ఇవ్వలేక అక్కడ చదునైపోతుంది. ఆ వంకరలోంచి పుట్టే మూడో శ్రేణి ఉత్పత్తులు (క్యారియర్లు ఒకదానితో ఒకటి కలిసి పుట్టే కొత్త పౌనఃపున్యాలు) 8 మెగాహెర్ట్జ్ చానల్‌ను దాటి 24 మెగాహెర్ట్జ్ మేర పరుచుకుంటాయి.

పవర్ తగ్గిస్తే భుజాలు దిగుతాయి. కానీ అది డబ్బు పెట్టి కొన్న వాట్లను వదులుకోవడమే. అందుకే డిజిటల్ ప్రీడిస్టార్షన్ వాడతారు: అవుట్‌పుట్ నుంచి డైరెక్షనల్ కప్లర్‌తో కొద్దిపాటి నమూనా తీసి, లోపలికి పంపిన సిగ్నల్‌తో పోల్చి, వంకరకు ఎదురు వంకరను ముందే కలుపుతారు. గెయిన్‌తో పాటు ఫేజు జారుడునూ సరిదిద్దాలి.

ఎక్కువమంది పొరబడేది నమూనా తీసే చోటే. చానల్ ఫిల్టర్ తర్వాత తీస్తే, అప్పటికే ఫిల్టర్ భుజాలను కోసేసి ఉంటుంది. దిద్దాల్సిన తప్పే కనిపించదు. చానల్ లోపలి వక్రీకరణ మాత్రం అలాగే ఉండి ఎంఈఆర్‌ను (సిగ్నల్ నాణ్యతను తెలిపే కొలతను) దిగలాగుతుంది. కాబట్టి ఫిల్టర్‌కు ముందే తీయండి. ఫిల్టర్ తెచ్చే గ్రూప్ డిలేను (పౌనఃపున్యాన్ని బట్టి మారే ఆలస్యాన్ని) సరిచేయడానికి మాత్రం తర్వాతి నమూనా కావాలి.

పూర్తిగా చదునైన చోట ఏ ప్రీడిస్టార్షనూ పనిచేయదు. అక్కడ శిఖరాలనే ముందు తగ్గించాలి. అందుకోసం డీవీబీ-టీ2లో కొన్ని క్యారియర్లను ప్రత్యేకంగా కేటాయించే వీలుంది.