వెనుకబడిన ప్రాంతాల ప్రాథమిక బడులకు ఎంతమంది టీచర్లను ఇవ్వాలో ఎలా నిర్ణయిస్తారు?

తలలు లెక్కపెట్టి. అంతే.

విద్యాహక్కు చట్టం, 2009 షెడ్యూల్ ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతులున్న బడిలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 వరకు ముగ్గురు, 120 వరకు నలుగురు, 200 వరకు ఐదుగురు. 150 దాటితే హెడ్మాస్టర్ అదనం. రాష్ట్రాలు జీవోలతో దీన్ని అటూ ఇటూ జరుపుతుంటాయి. ఆ లెక్కను బట్టి టీచర్లను ఒక బడి నుంచి ఇంకో బడికి మార్చడాన్ని మా భాషలో రేషనలైజేషన్ అంటారు. ఇంట్లో ఎవరికైనా చదువొచ్చా, తల్లిదండ్రులు వలస కూలీలా అని అడిగే గడి ఆ పట్టికలో లేదు.

నేను ఎస్జీటీగా, అంటే ప్రాథమిక తరగతుల టీచర్‌గా, పనిచేసిన ఒక బడిలో రిజిస్టర్‌లో 62 మంది ఉండేవాళ్లు. అందులో ముగ్గురు ఒకే ఇంటి పిల్లలు. ఆధార్ లేక వాళ్ల పేర్లు ఆన్‌లైన్‌లో ఎక్కలేదు. రేషనలైజేషన్ వచ్చింది. "పిల్లలు కళ్లెదుటే కూర్చున్నారు సార్, వచ్చి చూడండి" అన్నాను. "సైట్‌లో 59 ఉంది కదమ్మా" అన్నారు ఆఫీసులో. జూనియర్ కాబట్టి మా మూడో టీచర్ సర్‌ప్లస్‌లో, అంటే అదనం అని లెక్కగట్టడంతో, వేరే బడికి వెళ్లిపోయింది.

తర్వాతి వారమే నా తోటి టీచర్‌కి ట్రైనింగ్ పడింది. ఐదు తరగతులు, నేనొక్కదాన్ని. మూడో తరగతికి ఎక్కాలు చెబుతుంటే ఒకటో తరగతి పిల్లాడు పలక పగలగొట్టుకుని ఏడుపు. ఈలోగా మధ్యాహ్న భోజనం ఫొటో అప్‌లోడ్ కాలేదని ఫోను. ఆ యాప్‌ల గురించి మొదలుపెడితే ఇంకో జవాబు రాయాలి! చివరికి ఐదో తరగతి పిల్లను ఒకటో తరగతికి అక్షరాలు దిద్దించడానికి కూర్చోబెట్టాను. బాగానే దిద్దించింది. ఆ మూడు రోజులూ తన లెక్కలు మాత్రం ఆగిపోయాయి. అన్నట్టు, ఆధార్ లేని ఆ ముగ్గురిలో పెద్దది ఆ పిల్లే.

ఇద్దరు టీచర్లున్నా ఇద్దరూ బడిలో ఉంటారనుకోకండి. జనాభా లెక్కలకు, ఎన్నికలకు, విపత్తు సహాయానికి మమ్మల్ని పంపవచ్చని అదే చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. ఆ రోజుల్లో బదులు టీచర్ వచ్చింది నేనెప్పుడూ చూడలేదు.

నన్నడిగితే తరగతికి ఒక టీచర్ ఉండాల్సిందే, పిల్లలు పదిమందైనా సరే. ఇంట్లో మొదటిసారి బడి మొహం చూసిన పిల్లాణ్ని ఇద్దరిగా లెక్కెయ్యాలి. ఖర్చు అంటారు. పిల్లలు తగ్గారని పోస్టు తీసేస్తారు, పోస్టు లేదని తల్లిదండ్రులు అప్పు చేసి ప్రైవేటు బస్సెక్కిస్తారు, మళ్లీ పిల్లలు తగ్గారంటారు. ఇదేం పొదుపో నాకైతే అర్థం కాదు.

ఆ ముగ్గురికీ డిసెంబరులో ఆధార్ వచ్చింది. సైట్‌లో 62 కనిపించింది. పోస్టు గురించి అడిగితే వచ్చే రేషనలైజేషన్‌లో చూద్దామన్నారు.