విచారణ నివేదిక ఇవ్వకుండానే ఉద్యోగం తీసేస్తే

విచారణ నివేదిక కాపీ ఇవ్వకుండానే మీ అన్నయ్యను ఉద్యోగం నుంచి తీసేశారని, అప్పీలు కూడా కొట్టేశారని, ఇప్పుడేం చేయాలని అడిగారు. అప్పీలు కొట్టేయడానికి కారణం బహుశా ఇదే: "నివేదిక కాపీ ఇవ్వలేదు" అని రాసి అక్కడే ఆగారు. ఇవ్వనందువల్ల ఏం నష్టపోయారో రాయలేదు.

కాపీ ఇవ్వాల్సిందే. హైదరాబాద్ ఈసీఐఎల్ (కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ), బి. కరుణాకర్‌ల మధ్య కేసులో 1993లో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం తేల్చింది: విచారణ చేసినవారు, శిక్ష వేసేవారు వేరైతే, శిక్షాధికారి ఒక నిర్ణయానికి రాకముందే నివేదిక ఉద్యోగి చేతికి అందాలి. సర్వీసు రూల్స్‌లో ఆ మాట లేకపోయినా సరే. "మీరు అడగలేదు" అన్నారట కదా, అడగనంత మాత్రాన హక్కు వదులుకున్నట్టు కాదనీ అందులోనే ఉంది.

కానీ నష్టం చూపించమన్నదీ ఆ తీర్పే. చాలామంది వదిలేసేది ఇక్కడే.

1. నివేదిక, సాక్షుల వాంగ్మూలాలు రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు) పెట్టండి.

2. ఒక్కో ఆరోపణకు ఎదురుగా "ఇది ముందే ఇచ్చుంటే ఇలా జవాబిచ్చేవాణ్ణి" అని రాయించండి. ఆరోపణలో చెప్పిన రాత్రి స్టోర్ తాళం అన్నయ్య దగ్గరే ఉందని నివేదిక చెప్పినట్టు ఆర్డర్‌లో ఉందన్నారు. తాళాల రిజిస్టర్‌లో సంతకం ఇంకొకరిదన్నారు. ఆ పేజీ తప్పక జతచేయండి, మీ బలమంతా ఆ సంతకమే.

3. ఇవన్నీ పట్టుకుని సర్వీసు కేసులు చూసే లాయర్‌తో హైకోర్టులో రిట్ (ఆ ఆర్డర్‌ను రద్దు చేయమని కోరే పిటిషన్) వేయండి. ఆలస్యం చేయకండి.

గెలిచినా, నివేదిక ఇచ్చే దశ నుంచి విచారణ మళ్లీ మొదలుపెట్టే వీలు వాళ్లకు ఉంటుంది. అందుకని 2లో రాసిన జవాబు జాగ్రత్తగా దాచండి.